చివరి ఫారం

పుస్తకాలు ఊరికే ఇస్తామంటే జనం ముందు అనుమానిస్తారు. శౌరమ్మ పంచిన పుస్తకాలనూ మొదట అనుమానించారు. పైగా వాటిలో ఒక్కదానికీ చివరి పేజీలు ఉండేవి కావు.

శౌరమ్మ మా బైండింగు షాపులో కుట్టుపని మనిషి. బెజవాడ గవర్నరుపేటలో, రెండు రిక్షాలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిన సందులో, కింద అచ్చు ప్రెస్సు, పైన బైండింగు. రెండూ హనుమయ్యగారివే. నేను మెట్ల కింద బల్ల వేసుకుని ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఆవిడ రోజూ గుణదల నుంచి నడిచి వచ్చేది. మరియమ్మ కొండకు ఇవతల ఒంటిగది ఇల్లు. మొగుడు లేడు, పిల్లలు లేరు. నేను సైకిలు దిగి, తొక్కలేక చచ్చానని మూలిగే వేళకి ఆవిడ పైన కూర్చుని సూదిలో దారం ఎక్కించేసేది. దాన్ని చూసి ఆవిడకు ఓపిక ఎక్కువని అనుకునేవాళ్లు. నేనలా అనుకోలేదు. నేను ఎరిగిన మనుషుల్లో అంత అలిసిపోయిన మనిషి మరొకరు లేరు. కూర్చున్నా అలసటే, నవ్వినా అలసటే. పొద్దున లేచేసరికే సగం అలసట నిన్నటిది మిగిలి ఉంటుందని ఒకసారి అంది. నేను నవ్వబోయి ఊరుకున్నాను, ఎందుకంటే నాదీ అదే బతుకు.

తెలియనివాళ్ల కోసం మా పని సంగతి ఒక ముక్క చెప్పాలి. పుస్తకం పేజీ పేజీగా అచ్చవదు. ఒక పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒకేసారి పడతాయి. దాన్ని మడిస్తే ఒక ఫారం. అలాంటి ఫారాలు వరసగా పేర్చి కుడితే పుస్తకం. మిషను మొదలుపెట్టినప్పుడు సిరా సరిగ్గా పట్టేదాకా కొన్ని కాగితాలు పాడవుతాయి. ఒకటి వెలిసిపోతుంది, ఒకదాని మీద అచ్చు రెండుసార్లు పడుతుంది, ఒకటి చిరుగుతుంది. వాటిని మూలన పడేస్తారు. పిల్లల కథల పుస్తకాలు మా దగ్గర ఎక్కువ అచ్చయ్యేవి కాబట్టి మూలన పడేవి కూడా ఎక్కువ అవే. శౌరమ్మ వాటిలో చదవడానికి వీలున్నవి ఏరి, మడిచి, అన్నం తిన్నాక మిగిలిన కాస్త వేళలో కుట్టేది.

కానీ చివరి ఫారం మాత్రం దొరికేది కాదు. కథలు పదహారు పేజీల లెక్కకు సరిపోయి ఆగవు కదా. చివర్లో ఎప్పుడూ సగం ఫారం మిగులుతుంది. అది కాలితో తొక్కే చిన్న ట్రెడిల్ మిషను మీద వేసేవాళ్లు. ఆ మిషను వెంకటప్పయ్యగారిది. వెంకటప్పయ్యగారి చేతిలో కాగితం పాడవదు. మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా ఒకటే నలుపు. పెద్ద మిషను కుర్రాళ్లు ఆయన పనితనం చూసి తలలు దించుకునేవారు. ఆయన పనితనం పుణ్యమా అని మంగళగిరి నేతవాళ్ల పిల్లలు ఒక్క కథకూ ముగింపు ఎరగకుండా పెరిగారు.

మంగళగిరి ఎందుకంటే, అదీ హనుమయ్యగారి వల్లే. ఆయన పొదుపు మనిషి. ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకలేదు. కుట్టుదారం కొనడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. నేతవాళ్ల ఇళ్లలో పడుగు నేసేశాక మగ్గానికి మూరెడు, మూరన్నర నూలు ముక్కలు మిగిలిపోతాయి. వాళ్లకవి దేనికీ పనికిరావు. రెండు మూడు పోగులు కలిపి పేని, మైనం పూస్తే పిల్లల పుస్తకం కుట్టడానికి చాలు. నెలకోసారి వెళ్లి ఆ నూలు తెచ్చే పని శౌరమ్మ మీద పడింది. అదీ అమావాస్య నాడే వెళ్లాలి. నేతవాళ్లకు సెలవంటే అమావాస్య. ఆవేళ మగ్గం మీద చెయ్యి వెయ్యరు. మిగతా రోజుల్లో వెళితే వీధి వీధంతా మగ్గాల చప్పుడు. పక్కనున్న మనిషి మాట వినపడదు, వినపడినా తల ఎత్తేవాళ్లు ఉండరు.

ఆవిడ నూలు తెచ్చే ఇల్లు అంకమ్మరావుది. ఒక మగ్గం, ఒక తల్లి, ఒక కూతురు. భార్య పోయింది. తల్లి రాఘవమ్మ నేతకు కావలసిన నూలు కండెలు చుట్టేది. కూతురు భద్రావతి బళ్లోంచి వచ్చాక కండెలు చుట్టేది, బళ్లోకి వెళ్లే ముందూ చుట్టేది. అంకమ్మరావు తెల్లారకముందే మగ్గం గుంటలో కాళ్లు పెడితే దీపాలవేళ దాకా అక్కడే. మగ్గం ఆగితే ఇల్లు ఆగుతుందని అతని నమ్మకం. అందులో అబద్ధమేమీ లేదు.

ఊరికే తీసుకోవడం శౌరమ్మకు చేతకాదు. మొదటిసారి నూలు తెచ్చుకుంది. రెండోసారి వెళ్లేటప్పుడు తను కుట్టిన కథల పుస్తకం ఒకటి పట్టుకెళ్లింది. రాఘవమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏవమ్మా, ఇయ్యి మీ మతం పుస్తకాలా?"

"కాదమ్మా. మా ఫాదరుగారిచ్చే పుస్తకాలకి చివరి పేజీలుంటాయి" అంది శౌరమ్మ.

ఈ సంగతులన్నీ మెట్ల మీద అన్నం క్యారేజీలు విప్పుకుని కూర్చున్నప్పుడు ఆవిడ చెప్పేది. రాఘవమ్మకు ఆ జవాబు నచ్చిందట. అయినా అనుమానం పూర్తిగా పోక, ముందు మనవరాలి చేత పైకి చదివించింది. భద్రావతి అప్పుడు మూడో తరగతి. కూడబలుక్కుంటూ చదివింది. అంకమ్మరావు సెలవురోజు గనక అరుగు మీద పడుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. పిల్ల చదవడం ఆపేసరికి లేచి కూర్చున్నాడు.

"ఆపావేం?"

"అంతే ఉంది నాన్నా."

"అంతే ఉండటమేంటి? ఆ నక్క గోడ దూకిందా లేదా?"

అది ఎవరికీ తెలియదు. శౌరమ్మకు కూడా తెలియదు. ఆవిడకు చదువు రాదు. పేజీ అడుగున వేసే ఫారం నంబరు మాత్రం గుర్తుపట్టేది, ఫారాలు వరస తప్పకుండా పేర్చాలి కాబట్టి. ఏళ్ల తరబడి కథలు కుట్టింది కానీ ఆ రోజు దాకా ఒక్క కథ ఆవిడ చెవిన పడలేదు. నూలు సంచీ పక్కన పెట్టుకుని, గోడకు జారబడి, చదువుతున్నంతసేపూ కదలకుండా కూర్చుందట. ఇక ఆ ఇంటికి వెళ్లడం నూలు కోసమా కథ కోసమా అని నేను వేళాకోళం చేస్తే, "నూలు హనుమయ్యగారికి, కథ నాకు" అనేది.

ముగింపు లేకపోవడం మొదట్లో అందరికీ చిరాకు. తర్వాత అదే ఆట అయింది. నక్క గోడ దూకిందని అంకమ్మరావు, దూకలేదని రాఘవమ్మ, గోడ అవతల ఇంకో నక్క ఉందని భద్రావతి. ఎవరి ముగింపు బాగుంటే మళ్లీ అమావాస్య దాకా పుస్తకం వాళ్ల దగ్గర ఉంటుంది. ఒకసారి అంకమ్మరావు గెలిచాడు. రెండో తరగతితో బడి మానేసి, నేర్చిన నాలుగక్షరాలూ మర్చిపోయిన మనిషి, ఆ నెలంతా పుస్తకాన్ని మగ్గం పక్క గూట్లో పెట్టుకుని కూతుర్ని కూడా ముట్టుకోనివ్వలేదు. చదవడానికి కావాలని పిల్ల అడిగితే, "గెలిచి తీసుకో" అన్నాడట.

పక్కింటివాళ్లకు తెలిసింది. ఎదురింటివాళ్లకు తెలిసింది. శౌరమ్మ సంచీలో పుస్తకాలు పెరిగాయి. బస్సులో అటు వెళ్లేటప్పుడు కాగితం బరువు, ఇటు వచ్చేటప్పుడు నూలు బరువు. ప్రతి ఇంటివాళ్లూ తమ ముగింపు ఏమిటో తర్వాతి అమావాస్యకు వచ్చి అంకమ్మరావు అరుగు మీద చెప్పాలి. మూలింటివాళ్ల కథల్లో చివరికి అందరికీ పెళ్లిళ్లయ్యేవి. నూతి పక్కింటివాళ్ల కథల్లో ఎవరో ఒకరు తప్పనిసరిగా నూతిలో పడేవారు. నిజమైన ముగింపులు ఇవేవీ కావని అందరికీ తెలుసు, అయినా ఏ ఇంటివాళ్లు ఆ ఇంటి ముగింపు కోసం పోట్లాడుకునేవారు. శౌరమ్మ మాత్రం ఏ ముగింపూ ఒప్పుకునేది కాదు. అన్నీ విని, బాగున్నాయని చెప్పి, "అసలు ఏమయిందో" అంటూ లేచేది.

ఆవిడ కళ్లు అప్పటికే మసకబారుతున్నాయి. ఒకసారి ఒక రాజుగారి కథలో మూడో ఫారం బదులు, వ్యవసాయశాఖ వాళ్ల కోసం మేం వేసిన వరి తెగుళ్ల పుస్తకంలోని మూడో ఫారం కుట్టేసింది. నంబరు సరిపోయింది, అదొక్కటే ఆవిడ చూసింది. రాజుగారు యుద్ధానికి బయలుదేరి, పేజీ తిప్పేసరికి కాండం తొలిచే పురుగు పాలబడ్డాడు. భద్రావతి ఎక్కడా తడబడకుండా చదువుకుపోయింది. అంకమ్మరావు మధ్యలో, మందు ఎంత నీళ్లలో కలపాలో మళ్లీ చదవమన్నాడు. ఆ తర్వాత ఆ వీధిలో పని ఎగ్గొట్టే పిల్లలందరినీ కాండం తొలిచే పురుగులు అనేవారట. శౌరమ్మ ఈ సంగతి చెబుతూ నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుని, "ఇంక ఈ కళ్లు పనికిరావండి మాస్టారూ" అంది. నాకు నవ్వు ఆగిపోయింది.

డెబ్భై నాలుగులో కాగితం కరువు వచ్చింది. కాగితం ఉన్నవాడు రాజు, లేనివాడు అచ్చు ఆపుకుని కూర్చోవాలి. హనుమయ్యగారు ఒకరోజు అందర్నీ పిలిచి, ఇకమీదట పాడైన కాగితం ఒక్కటి కూడా బయటికి పోకూడదని, పొట్లాలు కట్టేవాళ్లకు తూకానికి ఇస్తానని చెప్పారు. ఆయన శౌరమ్మ వైపు చూడలేదు. చూడకపోవడంతోనే ఎవరి గురించో అందరికీ అర్థమైంది.

ఆ కట్టుబాటుకు ముందు ఆవిడ కుట్టిన ఆఖరి పుస్తకం ఒక గేదె కథ. కాలవగట్టున ఉండే ఒక పిల్ల, తప్పిపోయిన గేదెను వెతుక్కుంటూ కాలవ మీది లాకులు ఒక్కొక్కటే దాటి సముద్రం దాకా పోతుంది. నాలుగు ఫారాలు అచ్చయ్యాయి. చివరి సగం ఫారానికి కాగితం లేక పని ఆగిపోయింది. శౌరమ్మ ఆ నాలుగూ కుట్టి తీసుకెళ్లింది. భద్రావతి ఇప్పుడు తడబడదు, ఐదో తరగతి. నాలుగో ఫారం చివరి వాక్యం ఇలా ఉంది: "అక్కడ ఇసుక మీద గిట్టల గుర్తులు కనిపించాయి. అవి". అంతే. అక్కడితో పేజీ అయిపోయింది.

ఆ ఇంట్లో గొడవ గొడవ అయిందట. అవి పాతవని ఒకరు, అవి వేరే గేదెవని ఒకరు, అవి నీళ్లలోకి వెళ్లాయని ఒకరు. మర్నాడు శౌరమ్మ వచ్చీ రాగానే పైకి కూడా వెళ్లకుండా నా బల్ల దగ్గర నిలబడింది.

"మాస్టారూ, ఆ గేదె కథ చివర మీరు దిద్దారు గదండీ. ఏమయింది?"

నేను తల గోక్కున్నాను. దిద్దింది నిజమే. దిద్దేవాడు అక్షరాలు చూస్తాడు, కథ చూడడు. ఒత్తులు సరిగా పడ్డాయా, పేజీ నంబరు ఉందా, ఇదే నా చూపు. దిద్దిన ప్రూఫు పుస్తకం వేయించేవాళ్లకు తిరిగి వెళ్లిపోయింది, కూర్చిన సీసం అక్షరాలు తాడుతో కట్టేసి ఉన్నాయి, ఆ తిరగబడ్డ రాత నేను చదవలేను. దొరికే ఉంటుందిలే అన్నాను.

"మీకు తెలీదు" అంది. కోపంగా కాదు, నా మొహం చూసి తెలుసుకుని.

"పోనీ దొరికిందనుకో. నీకేం నష్టం?"

ఆవిడ మెట్టు మీద కూలబడింది. "మా ఆయన ఇన్నయ్య బందరు కాలవ మీద పడవ లాగేవాడండి. ఒకసారి ఎల్లాడు. పడవ తిరిగొచ్చింది, ఆయన రాలేదు. అడిగితే తలా ఒకటి చెప్పారు. నీళ్లలో పడ్డాడని ఒకరు, బందర్లో ఇంకో ఇల్లు పెట్టాడని ఒకరు, మంచోడు గదా దొరుకుతాడులే అని ఒకరు. అందరూ బాగానే చెప్పారండి. ఏమయిందో మాత్రం చెప్పినోళ్లు లేరు. అనుకోడాలు చాలించుకున్నానండి మాస్టారూ. ఒక్కదానికైనా అసలు ఏమయిందో వినాలనుంది."

అంతసేపు ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. కాగితం వస్తుందిలే, రాగానే అచ్చవుతుంది అన్నాను.

కాగితం రాలేదు. తర్వాతి అమావాస్య వచ్చింది. శౌరమ్మ ఉత్త చేతులతో వెళ్లి నూలు తెచ్చింది, దాంతోపాటు ఇంకో కబురు తెచ్చింది. భద్రావతిని చీరాలలో మేనమామ ఇంటికి పంపేస్తున్నారు. అక్కడ మగ్గాలు ఎక్కువ, చేతులు తక్కువ. బడి చాలు అనుకున్నారు. ప్రయాణం వచ్చే సోమవారం. ఇక ఆ ఇంట్లో చదివేవాళ్లు ఎవరూ ఉండరు.

కాగితం మర్నాడు పొద్దున్నే దిగింది. అది నాకు ఇప్పటికీ మండిపోయే సంగతి. రెండు రోజుల ముందు రావడానికి దానికేం వచ్చిందో. శనివారం పొద్దుటికల్లా వెంకటప్పయ్యగారు ట్రెడిల్ మీద గేదె కథ చివరి ఫారం ఎక్కించారు. శౌరమ్మ మెట్లు దిగి వచ్చి మిషను పక్కన నిలబడింది.

"అయ్యగారూ, ఒక్క కాగితం పాడు చెయ్యండి."

వెంకటప్పయ్యగారు కాలు ఆపారు. "ఏంటీ?"

"ఒక్కటండి. చదవడానికి వీలుగా పాడు చెయ్యండి."

ఆయన మొహం ఎర్రబడింది. తన చేతి మీద కాగితం పాడవడమేమిటన్నారు. ఆ మాటే ఎన్నడూ వినలేదన్నారు. ఆవిడ బతిమాలలేదు, వాదించలేదు, వచ్చినట్టే మెట్లెక్కి వెళ్లిపోయింది. మెట్టు మెట్టుకీ ఆగుతూ వెళ్లింది. పాదాలు వాచి ఉన్నాయి. ఆయన ఆ మెట్లవైపే చూశారు. తర్వాత నా వైపు చూశారు. ఆ పిల్ల సోమవారం చీరాల వెళ్లిపోతోందని, చదివేది ఆ పిల్లేనని చెప్పాను. ఆయన మళ్లీ తొక్కడం మొదలుపెట్టారు.

సాయంత్రం అచ్చు పూర్తయ్యాక వెంకటప్పయ్యగారు ఒక కాగితం విడిగా తీశారు. కుడిచేతి బొటనవేలు సిరాలో ముంచి, కాగితం మూల, అక్షరాలకు తగలకుండా, గట్టిగా ఒత్తారు. దాన్ని పట్టుకుని హనుమయ్యగారి ముందుకు వెళ్లి, "ఒకటి పాడైంది" అన్నారు. హనుమయ్యగారు ఆ కాగితం సంగతే అడగలేదు. నిజంగా కంగారుపడి, "ఒంట్లో బాగాలేదా వెంకటప్పయ్యగారూ? ఇంటికెళ్లి పడుకోండి" అన్నారు. ఆయన సరేనని, ఆ కాగితాన్ని వచ్చే దారిలో నా బల్ల మీద పడేసి, "ఆవిడ ఒక్కతే వెళ్లలేదు. రేపు తోడు వెళ్లండి" అని చెప్పి ఇంటికి పోయారు.

నాకు ఆదివారం ఒక్కటే సెలవు. అది కాస్తా పోయిందని తిట్టుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే ఆ గేదె ఏమైందో నాకూ పట్టుకుంది. కాగితం ఇంట్లోనే ఉంది కాబట్టి చదివేసి ఊరుకోవచ్చు. ఎందుకో చదవబుద్ధి కాలేదు. అలాగే మడిచి పట్టుకెళ్లాను.

పొద్దున చర్చిలో పూజ అయ్యాక శౌరమ్మ బస్టాండుకు వచ్చింది. మొన్న అమావాస్యకు వెళ్లినప్పుడు వెనక్కి తెచ్చుకున్న గేదె పుస్తకానికి, నిలబడే ఈ సగం ఫారం చివర పెట్టి కుట్టేసింది. బస్సు కిక్కిరిసి ఉంది. బ్యారేజీ మీదకు వచ్చేసరికి వేడిగాలి మొహాలకు కొట్టింది. కింద కృష్ణలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. ఎవరో లేచి ఆవిడకు చోటిచ్చారు. ఇవాళ మగ్గాలు ఆడతాయి కదా, పిల్ల ఎలా చదువుతుందని అడిగాను.

"అన్నాలకి లేస్తాడు గదండీ అంకమ్మరావు. అప్పుడు చదివించుకుందాం."

మంగళగిరిలో ఆ వీధి మొదట్లోనే చప్పుడు చుట్టుముట్టింది. ప్రతి ఇంట్లోనూ మగ్గమే. అంకమ్మరావు గుంటలో ఉన్నాడు. మమ్మల్ని చూసి తల ఊపాడు గానీ చేతులు ఆపలేదు. మర్నాడు కూతురితో బయలుదేరేలోపు ఆ బట్ట షావుకారుకు అప్పగించాలి. "కూచోండి. కొంచెం తెమలనీండి" అని అరిచి చెప్పాడు. భద్రావతి రాట్నం దగ్గర నుంచి చూసి నవ్వింది, లేవలేదు. పక్కనే చీరాలకు కట్టిన మూట. అన్నాలకు కూడా అతను లేవలేదు. రాఘవమ్మ ముద్దలు కలిపి గుంట దగ్గరికే తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. అది చూశాక నాకు ఆశ పోయింది.

శౌరమ్మ మగ్గం పక్కనే గోడకు జారబడి కూర్చుంది. పుస్తకం ఒళ్లో ఉంది. ఆ చప్పుడులో, ఆ ఉక్కలో, అలా కూర్చునే నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరిచి, మెడ పక్కకు వాల్చి. నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. రాఘవమ్మ మజ్జిగ ఇస్తే తాగి బయట అరుగు మీద నడుం వాల్చాను. ఇంతదూరం వచ్చింది నిద్రపోవడానికా అని విసుక్కున్నాను, విసుక్కుంటూ నేనూ నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి ఏదో తేడాగా అనిపించింది. వీధిలో చప్పుడు ఉంది. నా వెనక ఇంట్లో లేదు. ఎండ అరుగు దిగిపోయింది. లేచి లోపలికి వెళ్లాను.

అంకమ్మరావు గుంటలోనే ఉన్నాడు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. పోగును అటూ ఇటూ లాగే నాడె పక్కన పెట్టి ఉంది. రాఘవమ్మ రాట్నం ఆపి మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుంది. భద్రావతి శౌరమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది, పుస్తకం ఆ పిల్ల చేతిలో మూసి ఉంది. శౌరమ్మ నిద్రపోతూనే ఉంది.

"ఎంతసేపయింది ఆపి?" అని అడిగాను.

"మీరు బయటికెళ్లిన కాసేపటికి" అన్నాడు అంకమ్మరావు గొంతు తగ్గించి.

"లేపి చదివించకపోయారా? బట్ట ఏం కాను?"

"అలిసిపోయిన మనిషండి. నిద్దరపోనీండి. షావుకారు నాలుగు తిడతాడు, పడతాను."

నేను పిల్ల వైపు తిరిగాను. "నువ్వు చూశావా చివర?"

"లేదండి. మామ్మ లేవాలి" అంది.

అంతసేపూ ఆ పిల్ల చేతిలో ఆ ఎనిమిది పేజీలూ ఉన్నాయి. నేనూ గడప మీద కూర్చున్నాను.

శౌరమ్మ తనంతట తానే లేచింది. చప్పుడు లేకపోవడం ఆవిడను కూడా లేపినట్టుంది. మగ్గం వైపు చూసింది, పిల్ల చేతిలో పుస్తకం చూసింది, మొహం వాడిపోయింది.

"అయిపోయిందా?"

"మొదలెట్టలేదు మామ్మా."

"మరి మగ్గం?"

"ఆపామండి. మీరు లేచాక విందామని" అన్నాడు అంకమ్మరావు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని సర్దుకుని కూర్చుంది. భద్రావతి ముందు నాలుగో ఫారం చివరి వాక్యం చదివింది, పక్కిళ్ల చప్పుడు మీద వినపడేలా గట్టిగా. "అక్కడ ఇసుక మీద గిట్టల గుర్తులు కనిపించాయి. అవి" అని పేజీ తిప్పింది. మూల వెంకటప్పయ్యగారి బొటనవేలు నల్లగా ఉంది. "అవి ఇంటివైపు తిరిగి ఉన్నాయి."

ఆ ఇంట్లో ఒక్కరు కూడా ఈ మాట అనుకోలేదు. కథలో పిల్ల వెనక్కి తిరిగింది. వచ్చిన లాకులన్నీ మళ్లీ దాటింది. ఇంటికి చేరేసరికి గేదె పాకలో నిలబడి గడ్డి తింటోంది. మెడలో తెగిన తాడు అలాగే ఉంది. దాన్నెవరూ వెతికి తేలేదని, నిన్న సందెవేళ దానంతటదే నడిచి వచ్చిందని వాళ్లమ్మ చెప్పింది. కథ అయిపోయింది. భద్రావతి పుస్తకం మూసింది. ఎవరూ తమ ముగింపు చెప్పబోలేదు.

"పోనీలే" అంది శౌరమ్మ. "అదైనా ఇంటికొచ్చింది."

భద్రావతి పుస్తకం తిరిగి ఇవ్వబోతే, నీదేనని చెప్పి, ఆ పిల్ల చేతుల్లోంచి తీసుకుని చీరాల మూటలో తనే పెట్టింది. తర్వాత గోడ పట్టుకుని లేచి, మగ్గం కింద పడి ఉన్న నూలు ముక్కలు ఏరుకోవడం మొదలుపెట్టింది.